మంచు కొండకు దోసెల పెనం

శనివారం పొద్దున్న అచ్యుత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, సంచీ కార్లో పడేయాలి, చడీచప్పుడు లేకుండా ఐర్లండ్ దక్షిణ తీరాన వాటర్‌ఫోర్డ్ దగ్గరి రేవుకు చేరాలి, పన్నెండింటికి డోనల్ పడవలో గ్రీన్‌లాండ్‌కు బయలుదేరాలి. ముప్ఫై అయిదడుగుల తెరచాప పడవ, నలుగురు మనుషులు, ఆ చివర సముద్రంలోంచి నిటారుగా లేచిన, మంచు కప్పుకున్న కొండలు. వాటిలో ఒక్కటైనా ఎక్కాలని లీక్స్‌లిప్ ఊళ్లో కంప్యూటర్ చిప్పుల ఇంజనీరుగా ఉన్న ఈ పెద్దమనిషి మూడేళ్లుగా తపస్సు చేస్తున్నాడు. నలభై దాటాక ఈత నేర్చుకున్నాడు. తిన్నదంతా కక్కుకుంటూనే తెరచాప దించడం నేర్చుకున్నాడు. డోనల్ పెట్టిన షరతు ఒక్కటే. పడవ చిన్నది కాబట్టి మనిషికి ఇరవై అయిదు కిలోల సామానే.

కాఫీ సగంలో ఉండగా బెల్లు మోగింది. గుమ్మంలో పక్క వీధి నీలిమ, చేతిలో గోంగూర పచ్చడి డబ్బా.

"అన్నయ్యా, మా వెంకట రమణ బావమరిది ఆశిష్ గ్రీన్‌లాండ్‌లోనే ఉన్నాడు. చేపల మీద రీసెర్చంట. పాపం, మన తిండి తిని ఎన్నాళ్లయిందో! ఒక్క కిలోనే."

అచ్యుత్ భార్య వైపు ఉరిమి చూశాడు. సరోజ అలమారలో కప్పులు సర్దుతున్నట్టు నటించింది.

"నీలిమ ఒక్కదానికే చెప్పానండీ. వాట్సాప్ గ్రూపులో పెడుతుందని నాకేం తెలుసు?"

మనవాళ్లలో ఒకడు ఊరు దాటుతున్నాడంటే వాడి చేతిలో పార్శిల్ పెట్టకుండా పంపడం ఇంతవరకూ జరగలేదు. తొమ్మిదయ్యేసరికి సున్నుండలు, కందిపొడి, అరిసెలు వచ్చిపడ్డాయి. కూతురింటికొచ్చిన శేషయ్యగారు ఏకంగా ఇనప పెనం పట్టుకొచ్చారు.

"నాన్‌స్టిక్ మీద పోసింది దోసేనా, బాబూ? ఇది ఇవ్వు కుర్రాడికి."

ఆయన వెళ్లగానే అచ్యుత్ మండిపడ్డాడు. "నేను పోయేది కొండెక్కడానికా, కిరాణా కొట్టు పెట్టడానికా?"

"అయితే కుదరదని చెప్పండి."

"నువ్వు చెప్పు!"

"నేనెలా చెప్తానండీ? రేపు వాళ్ల మొహాలు చూడొద్దూ?"

ఇక చేసేదేముంది? హైదరాబాద్ ఫ్లైటుకు ప్రతిసారీ చేసే పనే చేశారు. స్వెట్టర్లు రెండూ తొడుక్కున్నాడు. స్లీపింగ్ బ్యాగు, తాడు, మంచు గొడ్డలి భుజం సంచీలోకి పోయాయి. పెద్ద సంచీ బాత్రూం కాటా మీద సరిగ్గా ఇరవై అయిదు తూగింది.

రేవులో డోనల్ కాటా పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్ద సంచీ తూచి తలాడించాడు. తర్వాత భుజం సంచీ చూపించాడు.

"అదేంటి?"

"క్యాబిన్ బ్యాగు."

"ఇది విమానం కాదు, అచ్యుత్. రెండూ కలిపి తూచు."

ముప్ఫై నాలుగు.

"తొమ్మిది కిలోలు తీసెయ్. పావుగంటే టైముంది."

అచ్యుత్ సంచీ విప్పాడు. వెనక, వీడ్కోలు చెప్పడానికి రెండు గంటలు కార్లో వచ్చిన బృందమంతా ఫోన్లెత్తి వీడియో తీస్తోంది. గోంగూర డబ్బా పైకి తీయగానే నీలిమ ఫోను కిందికి దిగింది. డబ్బా మళ్లీ లోపలికి వెళ్లింది. పెనం మీద చెయ్యి పడగానే శేషయ్యగారు నిట్టూర్చారు. "తీసెయ్యి బాబూ. ముసలాడి పెనం ఎవరిక్కావాలి!" పెనమూ లోపలికి వెళ్లింది. పళ్లు నూరుకుంటూ అచ్యుత్ తన స్లీపింగ్ బ్యాగునూ తాడునూ గొడ్డలినీ గట్టు మీద పెట్టేశాడు. ఇప్పుడు కాటా ఇరవై అయిదు చూపించింది.

డోనల్ అవి చూశాడు. "మరి ఆ మంచులో దేంట్లో పడుకుంటావు?"

"ఏదో సర్దుకుంటాను."

"సర్దుకోలేవు, చచ్చిపోతావు. నా పడవలో కుదరదు."

అచ్యుత్ బతిమాలాడు. మూడేళ్ల కష్టం ఏకరువు పెట్టాడు. డోనల్ గట్టుకు కట్టిన పడవ తాడు విప్పుతూనే ఉన్నాడు. అప్పుడు శేషయ్యగారు ముందుకొచ్చారు.

"అయ్యో పాపం! మరి పార్శిళ్ల మాటేమిటి?"

డోనల్ అచ్యుత్‌ను ఎగాదిగా చూశాడు. "ఇతను దిగిపోతే బోలెడు బరువు తగ్గుతుంది. అవైతే ఫర్వాలేదు. ఎక్కించండి."

పెనం గ్రీన్‌లాండ్‌కు వెళ్లిపోయింది. అచ్యుత్ లీక్స్‌లిప్‌కు తిరిగొచ్చాడు. దారి పొడుగునా సరోజ మీద విసుక్కున్నాడు. ఆ రోజే గ్రూపులోంచి బయటికొచ్చేశాడు. ఇంత అన్యాయం ఏ దేశంలోనైనా ఉందా? ఇకనుంచి ఎవడి పార్శిలూ ముట్టుకునేది లేదని భార్య ముందు ఒట్టు పెట్టుకున్నాడు.

రెండు నెలల తర్వాత బెల్లు మోగింది. ఎండకు నల్లబడిన కుర్రాడొకడు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు.

"అంకుల్, నేను ఆశిష్‌ని. తిరుగు ప్రయాణంలో బెర్తు ఖాళీగా ఉందని డోనల్ నన్ను ఎక్కించుకున్నాడు. మీ బెర్తే! బయలుదేరేముందు అందరం కలిసి మీరు ఎక్కాలనుకున్న ఆ కొండ కూడా ఎక్కేశాం. పైన దోసెలు పోసుకున్నాం, అంకుల్!"

అచ్యుత్ చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. ఆశిష్ బ్యాగులోంచి బరువైన పొట్లం తీశాడు.

"ఇవి ఎండు చేపలు. గాల్వేలో మా ఫ్రెండుకి. మీరు ఎప్పుడైనా అటు వెళ్తే..."

మూడేళ్ల కసినంతా ఆ కుర్రాడి మీద కుమ్మరించడానికి అచ్యుత్ నోరు తెరిచాడు.

"ఎన్ని కిలోలు, బాబూ?" అన్నాడు.