ముప్పై ఒకటో నంబరు బిళ్ళ

ఆ ఉదయం అన్సెల్మో పెట్టుకున్న పని చాలా చిన్నది. రబ్బరు పడవెక్కి హిమానీనదం మీద కాలు పెట్టడం, బావమరిది రమీరో నోరు మూయించడం. పెళ్ళైన ముప్పై నాలుగేళ్ళుగా రమీరో దృష్టిలో ఆయన తల్కా ఊళ్ళో బ్యాంకు కౌంటరు దాటని పిరికి గుమాస్తా.

ఈ సంగతి పటగోనియా సముద్రానికి ఎవరూ చెప్పలేదు. ఓడ గదిలో కాఫీ కప్పులు బల్ల మీద ఆ చివరికీ ఈ చివరికీ షికారు చేస్తున్నాయి.

"నాకు తల తిరుగుతోంది. నువ్వెళ్ళిరా ముసలాడా," అంది భార్య ఒర్తెన్సియా దుప్పటిలోంచి.

ఒడ్డుకి వెళ్ళేవాళ్ళు బోర్డు మీద తమ నంబరు బిళ్ళని ఎర్రవైపుకీ, తిరిగొచ్చాక తెల్లవైపుకీ తిప్పాలి. అన్సెల్మో ముప్పై ఒకటిని ఎర్రవైపుకి తిప్పి, ఎగిరెగిరి పడుతున్న పడవని ఒకసారి చూసి, నేరుగా ఓడ లైబ్రరీకి వెళ్ళి తెర వెనక కూర్చున్నాడు. బిళ్ళ ఎర్రగా ఉంటే మనిషి వెళ్ళినట్టే.

రెండు గంటల్లో పడవలన్నీ తిరిగొచ్చాయి. బిళ్ళలన్నీ తెల్లబడ్డాయి, ఒక్కటి తప్ప.

"ముప్పై ఒకటో నంబరు వెంటనే బోర్డు దగ్గరికి రావాలి!" అని మైకు అరిచింది. అన్సెల్మో లేవబోయాడు. అప్పటికే లైబ్రరీ బయట, బోర్డు దగ్గర, ఇరవై మంది మూగారు. వాళ్ళలో రమీరో ఉన్నాడు. జనం పల్చబడ్డాక వెళ్దామని అన్సెల్మో ఆగాడు. జనం పెరిగారు. నైటీ మీద లైఫ్ జాకెట్ తగిలించుకుని ఒర్తెన్సియా కూడా వచ్చింది.

"మా ఆయనకి భయమంటే తెలీదండీ! మంచు లోపలికంటా వెళ్ళిపోయుంటాడు!"

"బావని పిరికోడన్నాను, నా నోరు పడిపోనూ!" అన్నాడు రమీరో.

తెర వెనక అన్సెల్మో కళ్ళు చెమర్చాయి. ఇంకో రెండు మాటలు విని లేద్దామనుకున్నాడు.

"నన్నూ తీసుకెళ్ళు నాయనా," అంటోంది ఒర్తెన్సియా గైడుతో. "మీరు పిలిస్తే పలకడు. నేను అరిస్తే ఎక్కడున్నా పలుకుతాడు."

ఈ మాటకి మాత్రం అన్సెల్మో పరుగెత్తుకొచ్చాడు. పడవ అప్పటికే అలల్లో ఉంది. కెప్టెన్ ఆయన మొహాన్నీ, పొడిగా ఉన్న బూట్లనీ మార్చి మార్చి చూసి వైర్‌లెస్ అందుకున్నాడు. మనిషి దొరికాడన్న కబురు అందేసరికి గైడూ ఒర్తెన్సియా మంచు మీద ఉన్నారు. జవాబు ఒర్తెన్సియా గొంతుతో వచ్చింది, అందరికీ వినపడేలా.

"ఎక్కడ దొరికాడు?"

"లైబ్రరీలోనమ్మా."

ఆమె గొంతు గైడు వైపు తిరిగింది.

"సరేలే. ఎలాగూ వచ్చాం కదా నాయనా, ఓ ఫొటో తీయి."

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ ఫొటో బల్ల బల్లకీ తిరిగింది. నైటీలో హిమానీనదం ఎక్కిన మనిషిని కెప్టెన్ కూడా అంతకుముందు చూడలేదట. రమీరోకి నిజంగానే నోట మాట రాలేదు. చాలాసేపటికి తేరుకుని, "నీకింత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందక్కా?" అన్నాడు.

"అంతా మీ బావ వల్లే," అంది ఒర్తెన్సియా.

అన్సెల్మో వినయంగా తల వంచుకున్నాడు.