మైకులో ఒక్కసారి సియా

తుయ్‌కి నాలుగు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. రోగం కాదు, అప్పు కాదు. కారణం పక్క కొట్టు పరుపుల క్వాంగ్.

పాక్‌నాంపో అనే థాయ్ ఊరి బజారులో ఇద్దరి కొట్లకీ మధ్య గోడ ఒక్కటే. కానీ జనం క్వాంగ్‌ని ‘సియా’ అంటారు, బకెట్ల తుయ్‌ని ‘హియా’ అంటారు. హియా అంటే ఉత్త అన్నయ్య. చేపలవాడూ హియాయే, రిక్షావాడూ హియాయే. సియా అంటే షావుకారు. నడుస్తుంటే ముందు పొట్ట, వెనక మనుషులు ఉండాలి. తుయ్‌కి పొట్ట ఉంది. మనుషులే కావాలి.

ఆ పైన జావ్‌సువా అని ఇంకో మెట్టుంది గానీ, అది బ్యాంకులూ ఓడలూ ఉన్నవాళ్లది. తుయ్ అంత ఆశపోతు కాడు.

“సియా అంటే మీకేమొస్తుంది హియా?” అంది భార్య మలివన్, మాప్ కర్రలు కట్ట కడుతూ.

“గౌరవం.”

“మన పికప్ బండి తలుపు తాడుతో కట్టి ఉంది. అందులోంచి సియా ఎలా దిగుతాడు?”

“కిటికీలోంచి దిగుతాను. నీకెందుకు?”

“కొత్త బండికని మూడేళ్లు కడుపు కట్టుకుని దాచాం. ఆ డబ్బు జోలికి రాకపోతే మిమ్మల్ని చక్రవర్తి అన్నా నాకు అభ్యంతరం లేదు.”

తుయ్ తల ఊపి, వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు. చీనా గుడిలో ఏటేటా జరిగే విందులో మైకు పట్టేది పోంగ్. అతనింటికి డజను బకెట్లు చేరాయి.

“మైకులో ఒక్కసారి ‘సియా తుయ్’ అను. చాలు.”

“డజను బకెట్లకి రెండుసార్లు అంటాను హియా,” అన్నాడు పోంగ్. నిజాయితీపరుడు.

విందు సాయంత్రం గుడి ముందు వంద గుండ్రటి బల్లలు వేశారు. తుయ్ ముందు వరసలో కూర్చున్నాడు. మోకాళ్లు ఎంత ఎగురుతున్నాయంటే, బల్ల మీద సూపు గిన్నెలు గలగలలాడుతున్నాయి. పక్క బల్ల దగ్గర క్వాంగ్ తాపీగా బాతు మాంసం నములుతున్నాడు. మలివన్ వెనక ఆడవాళ్లతో ఉంది.

“మన సియా తుయ్ గారు విచ్చేశారు,” అంది మైకు.

వంద బల్లలూ ఇటు తిరిగాయి. తుయ్ లేచి నాలుగు దిక్కులకీ దండం పెట్టాడు. ఐదో దిక్కు దొరక్క కూర్చున్నాడు.

అప్పుడు వేలం పాట మొదలైంది. మొదటి వస్తువు నల్ల బంగారం. అంటే ఎర్ర కాగితం చుట్టిన బొగ్గు ముక్క. పాటలో గెలిచి కొట్లో పెట్టుకుంటే ఏడాదంతా వ్యాపారం కణకణలాడుతుందని నమ్మకం.

తుయ్ ఇన్నేళ్లూ ఈ పాటప్పుడు హాయిగా తల దించుకుని తిన్నాడు. హియాలకి ఆ వెసులుబాటు ఉంది. సియాలకి లేదు.

“సియా తుయ్ గారి మాటెంత?” అన్నాడు పోంగ్. రెండోసారి కూడా అనేశాడు.

“ఇరవై వేల బాత్,” అంది తుయ్ నోరు, అతన్ని అడక్కుండానే.

“నలభై,” అన్నాడు క్వాంగ్.

“అరవై.”

“లక్ష.”

“లక్షా ఇరవై.”

క్వాంగ్ నవ్వి, ఇంకో బాతు ముక్క అందుకున్నాడు. మరి నోరు విప్పలేదు. కొత్త బండికి దాచింది సరిగ్గా లక్షా ఇరవై వేలు.

“ఒకటోసారి,” అన్నాడు పోంగ్.

తుయ్ వెనక్కి చూశాడు. మలివన్ కుర్చీ ఖాళీ.

“రెండోసారి…”

ఆమె వేదిక మీద ఉంది. పోంగ్ చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుంది.

“పెద్దలకి దండం. ఒక్క మాట చెప్పి దిగిపోతాను. మా ఆయన కూడా సియా అయ్యాడంటే, ఆ పిలుపు ఎంత చవకైందో మీరే చూడండి. ఎప్పట్నుంచో సియాగా ఉన్న క్వాంగ్ గారిని ఇంకా అదే మాటతో పిలిస్తే మర్యాదగా ఉంటుందా? ఈ రోజు నుంచి ఆయన్ని జావ్‌సువా క్వాంగ్ అందాం. జావ్‌సువా గారు చూస్తుండగా నల్ల బంగారం బకెట్ల కొట్టుకి పోతే, మన బజారు పరువేం కాను?”

చప్పట్లు మోగిపోయాయి. “జావ్‌సువా, జావ్‌సువా,” అన్నారు పది బల్లల వాళ్లు. క్వాంగ్ చేతిలో బాతు ముక్క గాల్లోనే ఆగింది. అతని భార్య చొక్కా పట్టుకుని కిందికి లాగుతూనే ఉంది. అతను అప్పటికే లేచాడు.

“రెండు లక్షలు.”

తుయ్‌కి ఊపిరి వచ్చింది. దాంతోపాటే కడుపుమంటా వచ్చింది. వేదిక దగ్గరకి పరిగెత్తాడు.

“వాణ్ణి జావ్‌సువాని చేశావు కదే.”

“మీకు కొత్త బండి మిగిల్చాను కదా.”

ఇంతలో గుడి కమిటీ పెద్దాయన చేతులు జోడించుకుంటూ వచ్చాడు. బొగ్గుకి ఇంత పాట ఆయన పుట్టాక వినలేదు.

“తావ్‌కే నియా,” అన్నాడు మలివన్‌తో. సొంత కొట్టు తన చేతి మీద నడిపించే షావుకారమ్మని అలా అంటారు. “వచ్చే ఏడు పాట మీరే పాడించాలి. మా బల్ల దగ్గర కూర్చోండి. ఈయనెవరు?”

“మా ఇంటాయన.”

పెద్దాయన మైకు అందుకున్నాడు.

“తావ్‌కే నియా గారి ఇంటాయనకి ఒక కుర్చీ వేయండి.”

వంద బల్లలూ మళ్లీ ఇటు తిరిగాయి. తుయ్ కుర్చీ అంచు మీద బుద్ధిగా కూర్చుని, ఆవిడ గిన్నెలో సూపు పోశాడు.