దిగడం కార్యక్రమంలో లేదు

మా భవనంలో మెట్లెక్కే మహోత్సవం పదమూడో ఏడు కూడా అత్యంత జయప్రదంగా జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మెట్లు ఐదు. ఎక్కేది మావారు. చప్పట్లు కొట్టేది మిగతా ముప్ఫై ఐదు వాటాలవారు. ఇలాంటి ఉత్సవం మరే భవనంలోనూ లేదని మా సంఘం అధ్యక్షులవారు ఏటా ప్రకటిస్తారు. నాకూ అదే నమ్మకం.

తెలియనివారి కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. మావారు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపడతారు. పద్నాలుగేళ్ళ క్రితం అక్కడి అటక మీద పెట్టె దించబోయి నిచ్చెనతో సహా కిందపడ్డారు. నిచ్చెనకు ఏమీ కాలేదు. ఆయనకు నడుము దగ్గర వెన్నుపూస విరిగింది. ఆపరేషను, ఏడు నెలల మంచం, ఆ తర్వాత కడ్డీలు పట్టుకుని చంటిపిల్లాడిలా నడక నేర్చుకోవడం. ఇక లేవడని చాలామంది చెప్పారు. ఆయన లేచారు. ఇంటికి వచ్చిన రోజున గేటు దగ్గర కారు దిగి, నా భుజం పట్టుకుని ఐదు మెట్లూ ఎక్కారు. భవనమంతా బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టింది. నేను ఏడ్చాను. ఆ ఒక్క రోజు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

మరుసటి ఏడు అదే తేదీన సంఘంవారు మైకు తెచ్చి, మళ్ళీ ఎక్కమన్నారు. ఆ పై ఏడు ఫొటోగ్రాఫరు వచ్చాడు. నాలుగో ఏటికి కుర్చీలు, బ్యానరు, ముఖ్య అతిథి వచ్చేశారు. మావారి పేరు అందరూ మరిచిపోయి ‘లేచినాయన’ అనడం మొదలుపెట్టారు. కొరియరు తెచ్చేవాడు కూడా “లేచినాయన ఉన్నారా అమ్మా?” అని తలుపు కొడతాడు.

మా భవనానికి లిఫ్టు కూడా ఉంది. ఆ ఐదు మెట్లూ ఎక్కి వచ్చినవారికి అది అందుబాటులో ఉంటుంది. మేముండేది కింది అంతస్తే, అంటే నేలకు రెండున్నర అడుగుల ఎత్తులో.

ఎనిమిదో ఏట మావారి చేతికి కర్ర వచ్చింది. పదో ఏట దానికి జోడీ వచ్చింది. అంతకుముందే నేనొకటి గమనించాను. ఆయన కుడి బూటు ముందరి అంచు ఎడమదానికన్నా చాలా త్వరగా అరిగిపోతోంది. అంటే పాదం నేల విడిచి సరిగా లేవడం లేదన్నమాట. ఒకరోజు టేపు పెట్టి కొలిచాను. మెట్టు ఎత్తు ఆరంగుళాలు. ఆయన కుడి పాదం లేచేది నాలుగు.

“మిగతా రెండంగుళాలు ఎక్కణ్ణుంచి తెస్తున్నారండీ?” అన్నాను.

“నడుము నుంచి.”

“విరిగింది అదే కదా!”

“తెలిసిన నడుమేనోయ్, కాదనదు.”

కిందటేడు అదీ కాదనడం మొదలుపెట్టింది. డాక్టరు కాళ్ళు అటూ ఇటూ వంచి చూసి, “దెబ్బతిన్న నరాల పని ఇన్నాళ్ళూ పక్క కండరాలు చేశాయమ్మా. రెండుద్యోగాలు చేసినవాళ్ళు ముందే అలిసిపోతారు కదా! ఇక బయటికి వెళ్ళేటప్పుడు చక్రాల కుర్చీ వాడండి. పడి ఇంకొకటి విరగ్గొట్టుకోవడం కన్నా అది నయం” అన్నాడు. కుర్చీ కొన్నాం. ఇంట్లో భోజనాల బల్లను తొమ్మిదంగుళాలు జరిపేసరికి అది వంటింటి దాకా హాయిగా తిరిగింది. అద్దాలు సానపట్టేది కూర్చుని చేసే పని. చేతులు బాగున్నాయి, చూపు బాగుంది. ఆయనకూ ఆయన ఉద్యోగానికీ మధ్య ఉన్నవల్లా రెండు వీధులు, ఐదు మెట్లు.

అయితే బాగైన మనిషి మళ్ళీ బాగులేకుండా పోవడం పద్ధతి కాదని మా భవనం అభిప్రాయం. దెబ్బ ఒకసారి తగిలితే తగ్గాలి, తగ్గినది తగ్గినట్టు ఉండాలి. “మనోబలం సడలిందమ్మా, అంతే” అంది రెండో అంతస్తు పిన్నిగారు. మొదటి అంతస్తుకు కూడా లిఫ్టులోనే వెళ్ళే కార్యదర్శిగారు మావారిని పక్కకు పిలిచి, “కుర్చీ అలవాటైతే కాళ్ళు బద్ధకిస్తాయండీ” అని రహస్యంగా హెచ్చరించారు. 

నేను దరఖాస్తు రాశాను. మెట్ల మొత్తం ఎత్తు ముప్ఫై అంగుళాలు కనుక అంగుళానికి అడుగు చొప్పున ముప్ఫై అడుగుల ర్యాంపు కావాలనీ, ముందున్న ఆవరణ నలభై అడుగులు ఉంది కనుక అధ్యక్షులవారి కారు కొంచెం జరిపితే సరిపోతుందనీ, బొమ్మ గీసి మరీ జతచేశాను. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. సదరు మెట్లు ఎక్కుటకు వీలైనవేనని సదరు వ్యక్తే పన్నెండు సార్లు నిరూపించి ఉన్నందున ర్యాంపు ఆవశ్యకత కానరాలేదని అందులో ఉంది. రుజువుగా మావారు మెట్టెక్కుతున్న ఫొటో జతపరిచారు. ఫొటో చాలా బాగా వచ్చింది.

మా అధ్యక్షులవారు రిటైరైన ఆఫీసరు. ఏ ఆఫీసులో అన్నది ఎవరికీ గుర్తులేదు గాని, ఆఫీసరన్నది మరిచిపోయే అవకాశం ఆయన ఎవరికీ ఇవ్వరు. మావారు వెళ్ళి అడిగితే, “ఈసారి ఉత్సవంలో ఎక్కండి. ఆ వేదిక మీదే మీ విన్నపాన్ని సానుభూతితో పరిశీలిస్తాం” అన్నారు. ర్యాంపు కావాలంటే మెట్లెక్కి చూపించాలన్నమాట. మావారు నెల రోజులు తలుపు గడప మీద సాధన చేశారు.

ఉత్సవం ఆరో తేదీన జరిగింది. ఐదు మెట్లకు పదకొండు నిమిషాలు పట్టింది. మూడో మెట్టు మీద ఆయన ఆగిపోయారు. కుడికాలు వణుకుతోంది. ఉత్కంఠ కోసం ఆగారనుకుని జనం చప్పట్లు రెట్టించారు. “పాదం అలాగే గాల్లో ఉంచండి సార్, ఒక్క నిమిషం!” అన్నాడు ఫొటోగ్రాఫరు. ఆయన నా వైపు చూసి, “ఏమోయ్, చెయ్యందించు” అన్నారు మెల్లగా. నేను ముందుకు వేసిన అడుగు కార్యదర్శిగారి మాటకు ఆగిపోయింది: “అమ్మా, మీరు ఫ్రేములోకి వస్తున్నారు!”

మొత్తానికి ఎక్కారు. అధ్యక్షులవారు మైకు అందుకున్నారు.

“సోదర సోదరీమణులారా! ఈ మహనీయుడు మనల్ని ఒక చిన్న కోరిక కోరాడు. ర్యాంపు! మిత్రులారా, ర్యాంపు ఎవరికి? బలహీనులకి. వీరిని బలహీనుడిగా చూడటానికి మీ మనసు ఒప్పుకుంటుందా? నా మనసు ఒప్పుకోదు! అందుకే మన కమిటీ అంతకంటే గొప్ప నిర్ణయం తీసుకుంది. వీరి పట్టుదలకి గుర్తుగా, ఈ మెట్ల పైన, లిఫ్టు పక్కన, ఆరడుగుల నల్లరాతి ఫలకం!”

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. గ్రూపు ఫొటో అయ్యాక అందరూ ఇళ్ళకు వెళ్ళారు. ఎక్కడం అయిపోయింది. దిగడం కార్యక్రమంలో లేదు.

అప్పటిదాకా రోజూ నా భుజం పట్టుకుని ఎలాగో దిగి ఎక్కుతున్న ఆయన, మర్నాటి నుంచి మెట్లు దిగలేకపోయారు. రెండు రోజులు వాచ్‌మనూ ఎదురింటి డ్రైవరూ కలిసి కుర్చీతో సహా దించి, ఎక్కించారు. ఆ రెండు రోజులూ ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మూడో రోజు నోటీసు బోర్డులో కాగితం వెలిసింది. లేచిన మనిషిని మోసుకెళ్ళడం చూసి భవనంలోని పిల్లలు నిరుత్సాహపడుతున్నందున ఇకపై అట్టి మోతలు నిషేధించడమైనది.

దుకాణం యజమాని ఫోను చేశాడు. “ఏమయ్యా, నీ మిషను మీద గుడ్డ కప్పి ఉంచాను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. కానీ ఎన్నాళ్ళని ఆగను చెప్పు? జనాలకి కళ్ళజోళ్ళు కావాలి కదా! ఒకటో తేదీకి రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకోక తప్పదు.” మంచివాడు కాబట్టి మూడు వారాలు ఆగాడు. మావారు “వస్తాను” అన్నారు. ఎలాగో చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న కళ్ళజోళ్ళన్నీ తుడిచారు. ఉన్నవి రెండే. చాలాసేపు తుడిచారు.

ఇరవయ్యో తేదీన రాతి మేస్త్రీ వచ్చి మెట్లు చూశాడు. “బరువు నాలుగు వందల కిలోలండీ. మెట్ల మీద లాగితే అంచులు లేచిపోతాయి. వాలు పొయ్యాలి” అన్నాడు. 

“ఎంత వాలు?” అన్నారు అధ్యక్షులవారు. 

“ముప్ఫై అడుగులు. తక్కువైతే రాయి జారుతుంది.” 

ఇరవై నిమిషాల్లో తీర్మానం అయింది. అధ్యక్షులవారు స్వయంగా వెళ్ళి కారు జరిపారు. “రాయికి చిన్న కుదుపు కూడా ఉండకూడదు” అని రెండుసార్లు చెప్పారు. సిమెంటు పోశారు, తడిపారు, పక్కన పట్టుకోవడానికి ఇనుప కడ్డీ కూడా పెట్టారు. ఇరవై ఎనిమిదిన రాయి సుఖంగా పైకి వెళ్ళింది. “ఈ మెట్లను జయించిన పాదాలకు” అని దాని మీద చెక్కి ఉంది.

ఇరవై తొమ్మిదిన మావారు కుర్చీలో ఆ వాలు మీదుగా కిందికి జారారు. నేను వెనక పట్టుకున్నాను గాని, పట్టుకోవాల్సిన పనే లేకపోయింది. గేటు దగ్గర ఆగి వెనక్కి చూసి, “ఇంతేనా!” అన్నారు.

సాయంత్రం అత్యవసర సమావేశం జరిగింది. “రాతి మీద మెట్లని జయించాడని చెక్కించాం. ఆ రాతి ముందే ఆ మనిషి చక్రాల మీద పోతుంటే, రాయి అబద్ధమాడినట్టు కాదా?” అని అధ్యక్షులవారు ఆవేదన చెందారు. ర్యాంపు పగలగొట్టాలన్నారు. అయితే అప్పటికే నీళ్ళ డబ్బాలు, గ్యాసు బండ, ఒక బీరువా, కార్యదర్శిగారి స్కూటరు దానికి అలవాటు పడ్డాయి. అందుచేత మధ్యేమార్గంగా ముప్ఫయ్యో తేదీన ఒక బోర్డు పెట్టారు: ‘సామానుకు మాత్రమే’. వాచ్‌మన్ చేతికి ఒక రిజిస్టరు ఇచ్చారు. సామాను ఏమిటి, బరువెంత, ఏ వాటాది, ఎప్పుడు వెళ్ళింది అన్నవి అందులో రాస్తే గాని ర్యాంపు మీదికి పంపకూడదు.

ఒకటో తేదీ ఉదయం ఎనిమిదిన్నరకు మేమిద్దరం ర్యాంపు దగ్గరికి వెళ్ళాం. నిబంధనలన్నీ చదివి, రిజిస్టరు అడిగాను.

“సామానేది అమ్మగారూ?” అన్నాడు వాచ్‌మన్.

“ఇదిగో.”

“సారు సామానేంటమ్మా!” అతను నొచ్చుకున్నాడు.

“ఏం పర్లేదు, రాయవయ్యా” అన్నారు మావారు. “ఒకటి. డెబ్బై ఒక్క కిలోలు. పగిలే సామాను అని పక్కన రాయి. ఒకసారి పగిలింది కూడాను.”

తొమ్మిదింటికి ఆయన మిషను మీది గుడ్డ తీశారట. ఆ రోజు పదకొండు జతల అద్దాలు చేశారు. సాయంత్రం రిజిస్టరులో ‘లోపలికి’ అన్న గడిలో నేనే సంతకం పెట్టాను.

నెలాఖరున కమిటీవారు రిజిస్టరు తనిఖీ చేశారు. అన్నీ సక్రమంగా ఉన్నాయని కింద ముద్ర వేశారు. మనిషిగా అడిగినప్పుడు నాలుగు నెలలు ఆలోచించి కాదన్నవారు, సామానుగా వచ్చేసరికి ఒక్క ప్రశ్న వేయలేదు. లేచినాయన మెట్లెక్కుతాడన్న మాట రాతి మీద భద్రంగా ఉంది. రోజూ వెళ్ళొచ్చేది ఎలాగూ సామానే కనుక ఎవరికీ అవమానం లేదు.

ఆ తర్వాత రెండో అంతస్తు పిన్నిగారు మోకాళ్ళ మూలంగా ఇలాగే నమోదయ్యారు: ఒకటి, పాతది. మొన్న బాత్రూములో జారిన అధ్యక్షులవారిని ఆసుపత్రి నుంచి తెచ్చినప్పుడు రిజిస్టరు ఆయనే అడిగి తీసుకున్నారు. అందమైన దస్తూరీతో ‘ఆఫీసరు (రిటైర్డు), ఒకటి, కట్టుతో సహా’ అని రాశారు. 

రిజిస్టరులో ఇంకా అరవై పేజీలు ఖాళీగా ఉన్నాయి. మీరెప్పుడైనా మా వైపు రండి. మెట్లెక్కి వస్తే తప్పకుండా చప్పట్లు కొడతాం. ఎక్కలేకపోతే, బరువెంతో చూసుకుని రండి.