శనివారానికి రాహుకాలం లేదు

శనివారం ఉదయం తొమ్మిదీ నలభై ఐదుకు దీపం వెలిగించి యాప్ విడుదల చేయాలి, పదింటికల్లా పొంగల్ వడ్డించాలి, ఆ తర్వాత తేన్‌మొళి చేతిలో పర్మనెంటు ఆర్డరు పెట్టాలి. తిల్లైనాయగం గారు వేసుకున్న కార్యక్రమం ఇదీ. మైలాపూర్‌లో మేడమీద నడిచే ఆయన చిన్న కంపెనీలో తేన్‌మొళి ఏడాదిగా ప్రొబేషన్‌లో వేలాడుతోంది. ఆ యాప్ ఆమె రాసిందే. ఏ పనికైనా ముందు వేళ కొట్టి చూస్తే, అది రాహుకాలమో కాదో చెబుతుంది. నలభైమంది కల్యాణమండపాల యజమానులు రెండు వారాలు దాన్ని వాడి చూసి, ఇవాళ కొనడానికి వచ్చారు. విడుదలకు వేళ కూడా యాప్‌నే అడిగి పెట్టారు.

తొమ్మిదీ ఇరవైకి తేన్‌మొళి గోడమీది క్యాలెండర్‌లో నిన్నటి కాగితం చించింది. కింద శనివారం, రాహుకాలం 9 నుంచి 10.30 అని ఉంది. యాప్ మాత్రం 9.45 మంచి వేళే అని చెప్పింది.

లాప్‌టాప్ తెరిచి తను రాసింది చూసుకుంటే తప్పు కనబడింది. వేళల్ని వేళలుగా చదవమని యంత్రానికి చెప్పడం మరిచిపోయింది. అది వాటిని వట్టి రాతలనుకుని, నిఘంటువులో మాటల్లాగా మొదటి గుర్తు చూసి వరస పెట్టింది. 10.30లో మొదటి అంకె ఒకటి. ఒకటి తొమ్మిదికి ముందు కదా, అందుకని దాని లెక్కలో పదిన్నర తొమ్మిదికంటే ముందే వచ్చేస్తుంది. తొమ్మిది దాటి పదిన్నర దాటని క్షణం దానికి ఎక్కడా దొరకదు. ఇరవైనాలుగు గంటల లెక్కలో రాసిన మిగతా ఆరు రోజుల అంకెలు అదృష్టం కొద్దీ సరైన వరసలోనే పడ్డాయి. శనివారం ఆఫీసుకు సెలవు కనుక ఎవరూ పరీక్షించలేదు.

ఇప్పుడు చెబితే ఉద్యోగం పోతుంది. పదిన్నర దాకా ఎలాగోలా నెట్టుకొస్తే చాలు. ఆమె అగ్గిపెట్టె తీసి టిఫిన్ సంచిలో దాచేసింది.

"అగ్గిపెట్టె ఏదమ్మా?" అన్నారు తిల్లైనాయగం.

"ఇక్కడే ఉండాలి సార్. ఈలోగా పెద్దవారు అరంగసామి గారు రెండు మాటలు మాట్లాడితే బాగుంటుంది."

అరంగసామి గారికి మూడు మండపాలున్నాయి. మైకు దొరికితే వదిలే మనిషి కాదు. కానీ ఆయన గొంతు సవరించుకునేలోపే ఎవరో జేబులోంచి లైటర్ తీసి ఇచ్చారు. తేన్‌మొళి కంగారులో ఫ్యాను స్విచ్ వేసింది. లైటర్ వెలిగిన ప్రతిసారీ ఆరిపోయింది.

తిల్లైనాయగం ఆమె ముఖం చూశారు. ఆర్డరు ఇంకా ఇవ్వలేదని పిల్ల అలిగిందనుకున్నారు. వెంటనే కవరు తీసి అందరిముందూ చాచారు. "తీసుకో తల్లీ. ముందు నీది, తర్వాతే దీపం."

తేన్‌మొళి రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. తన ఉద్యోగమూ రాహుకాలంలోనేనా?

"ఇప్పుడు వద్దు సార్."

ఆయన ముఖం పాలిపోయింది. "వేరే కంపెనీలో చూసుకున్నావా? ఎవరు పిలిచారో చెప్పు. టీమ్ లీడర్‌ని చేస్తాను, వెళ్లకు."

"అది కాదు సార్," అంటూనే ఆమె ఏడ్చేసింది. "ఇది రాహుకాలం. మన యాప్‌లో శనివారం తప్పు పడింది. తప్పు నాదే."

తిల్లైనాయగం కుర్చీలో కూలబడ్డారు. రాహుకాలం చెప్పే యాప్‌ని రాహుకాలంలో విడుదల చేయబోయాడు తను. ఇక ఊళ్లో తలెత్తుకు తిరగడమెలా? దండం పెడుతూ అతిథులవైపు తిరిగారు. ఒక్కరూ ఉలిక్కిపడలేదు.

"తెలుసులేవయ్యా," అన్నారు అరంగసామి. "పంచాంగం చూడకుండా మేం గడప దాటుతామా?"

"మరి చెప్పలేదేం?"

"ఎందుకు చెబుతాం? శనివారం పొద్దున మండపంలో ఈగలు తోలుకునేవాళ్లం. నిశ్చితార్థం అంటే చాలు, పెళ్లివాళ్లు రాహుకాలం అని పారిపోయేవారు. ఇప్పుడు మీ యాప్ చూపిస్తే, కంప్యూటర్ లెక్క కదా అని నోరెత్తకుండా ఒప్పుకుంటున్నారు. సంక్రాంతి వచ్చే తై మాసం దాకా శనివారాలన్నీ నిండిపోయాయి. అది సరిచేశారో, మాకు మీ యాపే వద్దు."

మిగతా ముప్పైతొమ్మిది మందీ తలూపారు.

తిల్లైనాయగం లేచి, కవరు దులిపి, గోడ గడియారం కింద నిలబడి పదిన్నర దాటేదాకా ఓపిగ్గా చూశారు. పదీ ముప్పై ఒకటికి తేన్‌మొళి ఉద్యోగం ఖాయమైంది. పర్మనెంటు హోదాలో ఆమెకు అప్పగించిన మొదటి పని, అదే తప్పును మిగతా ఆరు రోజుల్లో కూడా చేయడం.