మంత్రిగారి భోజన వేళ

ఇకపై దేశంలో ఒక్కరు కూడా వేళ తప్పి తినడానికి వీల్లేదని మా ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. పొద్దున మొదలైన ప్రకటన మధ్యాహ్నం బాగా వాలాక ముగిసింది. అప్పటికి హాల్లో ఎవరమూ భోజనం చెయ్యలేదు. అయినా చప్పట్లు గట్టిగానే కొట్టాం. అయిపోయిందన్న సంతోషం చేతులకి ఎంత బలమిస్తుందో నాకు ఆ రోజే తెలిసింది.

నేను మంత్రిగారి ప్రచార విభాగంలో టైపిస్టుని. ఆయన కారు నడిపేది మా బాబాయి. నాకీ ఉద్యోగం వేయించింది బాబాయే. నేనుండేదీ వాళ్ళింట్లోనే. అందువల్ల మంత్రిగారి గొప్పతనాన్ని ఆఫీసులోంచీ కారులోంచీ కూడా చూసే అదృష్టం మా ఒక్క కుటుంబానికే దక్కింది.

ఉద్యమం పేరు 'వేళకు తిందాం'. దాని సూత్రాలు నేనే టైపు చేశాను. వేళకు తినాలి. కూర్చుని తినాలి. నెమ్మదిగా నమలాలి. పళ్ళూ కూరగాయలూ పెంచాలి, తీపీ వేపుళ్ళూ తగ్గించాలి. వంక పెట్టడానికి ఏమీ లేదు. మా బాబాయికి డాక్టరు చెప్పినవీ ఇవే. బాబాయికి షుగరు. పొద్దున మాత్ర వేసుకున్నాక మధ్యాహ్నం తిండి ఆలస్యమైతే ఒళ్ళంతా చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్ళు తిరుగుతాయి. స్టీరింగు పట్టుకునే మనిషికి ఇది అసలు మంచిది కాదని డాక్టరు రెండోసారి కూడా చెప్పాడు.

ఉద్యమం సంగతి విని పిన్ని సంబరపడింది.

"ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చే మాట అన్నాడు మీ మంత్రి. ఇక ఈయన వేళకు తింటారు."

"ఆయన చెప్పింది జనానికి" అన్నాడు బాబాయి బూట్లు తుడుచుకుంటూ.

"మీరు జనం కారా?"

"డ్యూటీలో కాదు."

పిన్ని నా వైపు తిరిగింది. "అమ్మాయ్, సభలకి నువ్వూ వెళ్తావుగా. ఈయన తిన్నారో లేదో చూసే పూచీ నీదే."

సరేనన్నాను. అంతకన్నా తేలికైన పని ఉండదనుకున్నాను.

ఉద్యమం ఊరూరా తిరిగింది. ప్రతి సభా సరిగ్గా భోజన వేళకే పెట్టాలని మంత్రిగారి పట్టుదల. "ఆకలి మీదున్నప్పుడే తిండి గురించి చెప్పాలి. అప్పుడే బుర్రకెక్కుతుంది" అన్నారు. నిజమే, కడుపు నిండినవాళ్ళు అంత శ్రద్ధగా వినరు.

బాబాయికి మాత్రం రెండు నియమాలుండేవి. మంత్రిగారు ఏ క్షణాన బయటికొస్తారో తెలియదు కాబట్టి సీటు దిగకూడదు. కారులో కూర వాసన వస్తే బాగుండదు కాబట్టి సీట్లో తినకూడదు. ఈ రెండింటినీ ఒక్కసారి కూడా మీరకుండా బాబాయి పిన్ని కట్టిచ్చిన డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

"తిన్నావా బాబాయ్?" అని కిటికీ దగ్గరికి వెళ్ళి అడిగేదాన్ని.

"ఇదిగో, ఇప్పుడే" అనేవాడు.

ఆ ఇప్పుడే అన్నది సాయంత్రం దాకా నడిచేది.

బాబాయి మోకాలికి ఎదురుగా డాష్‌బోర్డులో ఒక అర ఉంది. దాని తాళం మంత్రిగారి జేబులో ఉంటుంది. అందులో ప్రభుత్వ రహస్యాలున్నాయని బాబాయికి చెప్పారు, బాబాయి నమ్మాడు. కారు మలుపు తిరిగినప్పుడల్లా ఆ రహస్యాలు కరకరలాడేవి.

వేదిక మీద పళ్ళ బుట్ట ఒకటి పెట్టేవాళ్ళం. మొదట్లో నిజం పళ్ళే. సభ ముగియగానే జనం మీదపడి తినేసేవాళ్ళు. మంత్రిగారి పీఏ తల పట్టుకున్నాడు.

"ఇలా తినేస్తూ పోతే ఉద్యమం ఎలా నడుస్తుందమ్మా?"

మర్నాడు మైనపు పళ్ళొచ్చాయి. యాపిళ్ళు నిగనిగలాడిపోయాయి. ఫొటోల్లో నిజం పళ్ళకన్నా ఆరోగ్యంగా ఉన్నాయని మంత్రిగారు మెచ్చుకున్నారు. సభ చుట్టుపక్కల బిస్కెట్లూ మిఠాయిలూ అమ్మకుండా ఆర్డరు కూడా వేయించారు.

అసలు సంగతి టౌన్‌హాలు సభలో జరిగింది. నెమ్మదిగా నమలడం ఎలాగో మంత్రిగారు చేసి చూపిస్తున్నారు. ఆయన నోట్లో ఏమీ లేదు. హాల్లో ఎవరి నోట్లోనూ ఏమీ లేదు. అందరూ ఆయనతో కలిసి కుడివైపు నమిలారు, ఎడమవైపు నమిలారు. అంత క్రమశిక్షణ నేను బళ్ళో కూడా చూడలేదు.

ఆ సమయంలో బాబాయి వేదిక ఎక్కాడు. కారులో మరిచిపోయిన మంత్రిగారి ఫోను ఆగకుండా మోగుతోందట, ఇచ్చి పోదామని వచ్చాడు. ఫోను అందించాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయి ఉంది. వెనక్కి తిరగబోయి, మంత్రిగారి కుర్చీలోనే కూలబడ్డాడు.

నేను పరిగెత్తాను. "షుగరు పడిపోయింది సార్. ఏదైనా తీపి కావాలి, వెంటనే."

పీఏ చుట్టూ చూశాడు. మంత్రిగారి ఆర్డరు పట్టుకుని చుట్టుపక్కల తీపి లేకుండా చేసింది తనే. బుట్టలోంచి ఒక యాపిల్ తీసి బాబాయి చేతిలో పెట్టాడు. బాబాయికి చూపు ఆనడం లేదు. ప్రభుత్వం ఇచ్చింది కదా అని కొరికాడు.

"నెమ్మదిగా నములు" అన్నారు మంత్రిగారు మైకులో. బాబాయి నమిలాడు.

"సార్, అది మైనం" అన్నాను.

"తెలుసమ్మా. ముందు నమలనీ, విలేకరులున్నారు."

"డాష్‌బోర్డు అర తాళం ఇవ్వండి సార్."

మంత్రిగారి మొహం మారింది. "అందులో ప్రభుత్వ పత్రాలున్నాయి."

"ఆ కరకరలాడేవే సార్. ఇవ్వండి."

మంత్రిగారు విలేకరుల వైపు చూశారు, బాబాయి వైపు చూశారు. కాసేపు దేశం గురించి ఆలోచించారు. తర్వాత కోటు లోపలి జేబులోంచి సగం కొరికిన చాక్లెట్ తీశారు.

"ఇది నా బీపీ మందు" అన్నారు విలేకరులతో.

ఆ బీపీ మందు పనిచేసింది. బాబాయి కళ్ళు తెరిచాడు. తను ఎవరి కుర్చీలో ఉన్నాడో చూసుకుని మళ్ళీ మూసుకున్నాడు.

మర్నాడు పేపర్లలో 'తన మందు త్యాగం చేసి డ్రైవరు ప్రాణం నిలిపిన మంత్రి' అని వచ్చింది. ఇంట్లో మాత్రం ఎవరికీ నిద్ర లేదు. సీటు దిగినందుకు బాబాయి ఉద్యోగం పోతుందనే అందరం అనుకున్నాం. బాబాయిది పోతే నాదీ పోతుంది.

పీఏ పిలిపించాడు. బాబాయి వెనకే నేనూ వెళ్ళాను.

"ఉద్యోగం ఎక్కడికీ పోదయ్యా. నువ్వు మా ఉద్యమానికి దొరికిన సజీవ సాక్ష్యం. ఇక కారు వేరేవాళ్ళు తోలుతారు. నువ్వు వేదికెక్కి జనానికి కనిపిస్తే చాలు."

"నేనేం మాట్లాడాలి సార్?"

"మాట్లాడకూడదు."

పిన్ని ఈసారి కూడా సంబరపడింది. "సీటు గొడవ పోయింది. హాయిగా తినొచ్చు." డబ్బా మాత్రం నా చేతికిచ్చింది. ఆవిడకి నమ్మకం కొంచెం తగ్గినట్టుంది.

తర్వాతి సభ కూడా భోజన వేళకే. బాబాయికి కొత్త చొక్కా తొడిగి వేదిక మీద నిలబెట్టారు. చేతిలో అదే యాపిల్, పంటిగాటు జనం వైపుండేలా. దాన్ని చూసి జనం మురిసిపోయారు. ఉద్యమం మొదలయ్యాక వేదిక మీద ఎవరైనా పండు తిన్నట్టు కనిపించడం వాళ్ళకి ఇదే మొదలు.

"ఈ మనిషి ఒకప్పుడు వేళకు తినేవాడు కాదు. ఇప్పుడు చూడండి" అన్నారు మంత్రిగారు.

అందరూ చూశారు. బాబాయి నుదుట చెమట పట్టింది. లైట్ల వేడి అనుకున్నారు.

ఒక విలేకరి లేచాడు. "డ్రైవరు గారూ, ఇప్పుడు వేళకు తింటున్నారా?"

బాబాయి గోడ గడియారం వైపు చూశాడు.

"తింటున్నాడు" అన్నారు మంత్రిగారు.

నేను డబ్బా పట్టుకుని వేదిక మెట్ల దగ్గరికి వెళ్ళాను. పీఏ అడ్డొచ్చాడు. "ఆ డబ్బా వెనక్కి పెట్టమ్మా. ఫొటోలో పడుతుంది."

మంత్రిగారు నమలడం మొదలుపెట్టారు. హాలంతా కుడివైపు నమిలింది, ఎడమవైపు నమిలింది. బాబాయి మాత్రం నమలడం లేదు. వణుకుతున్న చేత్తో యాపిల్‌ని మెల్లగా తిప్పి, ఇంకా కొరకని వైపు చూస్తున్నాడు.