అచ్చులో రాని చెయ్యి

సంత ఆఫీసు గుమస్తా శంకరం కంప్యూటర్లో ఒక చిన్న ప్రోగ్రాం నడిపిన మరుక్షణం, పశువుల దళారి జోగులు కుడిచెయ్యి మణికట్టు దాకా మాయమైంది.

ప్రోగ్రాం తప్పేమీ లేదు. నల్లటి తెరమీద ఒక లైను కొడితే చాలు, రాతలో అచ్చుకు రాని గుర్తుల్ని ఏరి పారేసి మిగతాది భద్రంగా తిరిగిస్తుంది. శంకరం దాన్ని సంత వివరాలున్న ఫైలు మీద నడిపాడు. సంతలో ఎడ్ల బేరం తువ్వాలు కింద సాగుతుంది. దళారి ఒకసారి అమ్మేవాడి వేళ్ళు, ఇంకోసారి కొనేవాడి వేళ్ళు నొక్కి ధర తేలుస్తాడు. ఆ వేళ్ళు పలికింది ఏనాడూ అచ్చులోకి రాలేదు. అందుకని చెయ్యి పోయింది. నెత్తురు లేదు, నొప్పి లేదు. ఆ మేరకు నాణ్యమైన పనే.

జోగులు ఆఫీసుకెళ్ళాడు.

"ఏటి బావూ ఇది? చెయ్యి నేకపోతే బేరమెలాగ?"

"ఎడమది ఉంది కదా?"

"అది తువ్వాలు పట్టుకోడానికి."

"కుడిది కావాలంటే, అమ్మినోడికి ఎంత చెప్పావో, కొన్నోడికి ఎంత చెప్పావో నోటితో చెప్పు. టైపు కొడతాను. వెంటనే వచ్చేస్తుంది."

జోగులు ఇంటిదారి పట్టాడు. ఆ రెండు ధరల మధ్య తేడాతోనే అతని ఇల్లు నడుస్తోంది. చెబితే చెయ్యి ఉంటుంది, దానికి పని ఉండదు. చెప్పకపోతే పని ఉంటుంది, చెయ్యి ఉండదు.

"చెప్పీరాదా! అన్నం కలుపుకోడానికైనా పనికొస్తాది," అంది భార్య సూరమ్మ, ముద్ద అతని నోట్లో పెడుతూ.

అతను చెప్పలేదు. ప్రోగ్రాం ఆపించమని సంత కమిటీకి అర్జీ పెట్టాడు. కమిటీ సభ పెట్టింది. హాలు నిండిపోయింది. దళారులు వచ్చారు, బేరాల్లో వాళ్ళ వేళ్ళు పట్టుకున్న రైతులూ వచ్చారు. ఎందుకైనా మంచిదని సభ్యులందరూ పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కున్నారు. శంకరం ఎడమచేత్తో టైపు కొడుతున్నాడు. కారణం ఎవరూ అడగలేదు.

"ప్రోగ్రాం ఆపాలనేవాళ్ళు, నిబంధన ప్రకారం, కుడిచెయ్యి ఎత్తండి," అన్నాడు అధ్యక్షుడు.

హాలంతా భుజాలు కదిలాయి. ఒక్క చెయ్యీ లేవలేదు.

జోగులు చుట్టూ చూశాడు. తనొక్కడే కాదని తేలాక అతనికి కొంత ధైర్యం వచ్చింది. ప్రోగ్రాం కొనసాగించడానికి ఎవరికీ అభ్యంతరం లేదన్న తీర్మానం ఒక్క అక్షరం పోకుండా అచ్చయింది.