గంట గుర్తు

ఒక పెద్ద అడవిలో వరసగా రెండేళ్ళు వానలు ముఖం చాటేశాయి. పచ్చిక మాడిపోయింది. అడవి సభవారు గిడ్డంగి తెరిచి, మధ్యాహ్నం పూట అందరికీ ఉలవ గుగ్గిళ్ళు పెట్టడం మొదలుపెట్టారు. ఆ సభకి కార్యదర్శి జంబులింగం అనే నక్క. గంట కొట్టించి జంతువులను వరసలో నిలబెట్టే పని అతనిది.

ఒకరోజు గిడ్డంగి తాళంచెవి కనపడక వడ్డన ఆలస్యమైంది. గంట మాత్రం వేళకే మోగింది. ఇక తిట్లు తప్పవనుకుంటూ జంబులింగం వచ్చి చూస్తే, వరసలో ఒక్కరికీ కోపం లేదు. అందరి మూతుల నుంచీ జొల్లు కారుతోంది. కళ్ళు మూసుకుని ఖాళీ దవడలు ఆడిస్తున్నారు. ఒకరిద్దరు తేన్చారు కూడా.

జంబులింగం తాళంచెవి వెతకడం మానేసి, నేరుగా సభాధ్యక్షుడు శార్దూలరావు అనే పులి దగ్గరికి పరుగెత్తాడు.

“అయ్యా, మనం ఇన్నాళ్ళూ అనవసరంగా గుగ్గిళ్ళు వండించాం. వాళ్ళకి గంట చాలు.”

“గంట తింటారా?”

“వింటారయ్యా. వింటే నోరూరుతుంది. నోరూరితే సగం కడుపు నిండినట్టే.”

“మిగతా సగం?”

“దానికి మీ ఉపన్యాసం ఉందిగా.”

“అంటే నా సొల్లుకి వాళ్ళ జొల్లు,” అని శార్దూలరావు తనే చమత్కరించి తనే నవ్వాడు. ఉద్యోగం కాబట్టి జంబులింగం అంతకన్నా గట్టిగా నవ్వాడు.

మర్నాటి నుంచి గంటా, ఉపన్యాసమూ మిగిలాయి. ఉలవలు శార్దూలరావు బావమరిది గుహకి చేరాయి. పులులు ఉలవలేం చేసుకుంటాయని ఎవరూ అడగలేదు. అడగాల్సిన నోళ్ళన్నీ ఊరుతూ ఉన్నాయి.

“ఇలా నోరూరే అడవిని త్వరలోనే ఊరు చేసి చూపిస్తాను,” అన్నాడు శార్దూలరావు. జంతువులు జొల్లు తుడుచుకుని చప్పట్లు కొట్టాయి.

కొన్నాళ్ళకి ఆ మూతులు ఎండటం మొదలైంది. గడ్డప్ప అనే ముసలి మేకపోతు వరసలోంచి పక్కకి వచ్చాడు.

“కార్యదర్శి గారూ, గంట కొట్టి గంటయింది. గుగ్గిళ్ళేవీ?”

“వస్తున్నాయి గడ్డప్పా, కాస్త ఓపిక పట్టు.”

“నాకు ఓపికుంది బాబూ. మా మనవరాలికి లేదు. మొన్నటిదాకా గంట వింటే గెంతేది, ఇప్పుడు ఏడుస్తోంది.”

ఆ మాటకి జంబులింగం గుండె గుభేలుమంది. మేకపిల్ల కోసం కాదు. ఎన్నికలు దగ్గరపడ్డాయి, శార్దూలరావు గుర్తు గంట. పోటీగా చేట గుర్తు మీద గజలక్ష్మమ్మ అనే ఏనుగు నిలబడింది. ఆవిడ ఎక్కడా ఏమీ మాట్లాడేది కాదు. ఏం మాట్లాడాలో తెలియకే మాట్లాడటం లేదని జంబులింగం ప్రచారం చేశాడు. అది నిజం కూడా.

“అయ్యా, గంటకీ గుగ్గిళ్ళకీ చుట్టరికం తెగిపోతోంది,” అని అతను శార్దూలరావుతో చెప్పాడు. “ఓటింగు ముందు ఒక్కసారి నిజంగా కడుపునిండా పెట్టి, తింటున్నంతసేపూ గంట కొడదాం. ఇక వాళ్ళు మనల్ని మరిచిపోరు.”

బావమరిది ఉలవలు తిరిగివ్వనన్నాడు. గిడ్డంగి అడుగున బూజు పట్టిన బస్తాలు దొరికాయి. జంబులింగం ఒకటి విప్పి వాసన చూసి, ముక్కు మూసుకుని, “మిరియాలు ఎక్కువ వేయండి,” అని వంటవాళ్ళకి చెప్పాడు.

విందుకి అడవి అంతా వచ్చింది. గంట ఆగకుండా మోగింది. “గంట గుర్తు గుర్తుపెట్టుకోండి,” అని శార్దూలరావు గర్జించాడు. జనానికి నమ్మకం కలగాలని జంబులింగం కూడా అందరి ముందూ రెండు దోసిళ్ళు తిన్నాడు.

పొద్దుగూకేసరికి అడవిలో ప్రతి పొద వెనకా ఎవరో ఒకరు వంగి ఉన్నారు. జంబులింగానికి పొద దొరకలేదు. ప్రాణాలైతే ఎవరివీ పోలేదు.

ఓటింగు రోజున నీరసంగానే అందరూ వచ్చారు. ముందు లోపలికి వెళ్ళిన కుందేలు నోరు మూసుకుని బయటికి పరుగెత్తింది. ఆ వెనక వెళ్ళిన అడవిపందిదీ అదే తీరు. చివరికి గడ్డప్ప కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏమైంది గడ్డప్పా?” అని జంబులింగం అడిగాడు.

“పెట్టినవాళ్ళన్న విశ్వాసం మాకుంది బాబూ. గంట మీదే ముద్ర వేద్దామని వెళ్ళాను. బొమ్మ చూడగానే చెయ్యి రాలేదు, వాంతి వచ్చింది. మా వాళ్ళందరూ చేట మీద గుద్దేసి బయటపడ్డారు.”

జంబులింగం విసుక్కుంటూ తన ఓటు తను వేయడానికి లోపలికి వెళ్ళాడు. గంట బొమ్మ కనపడింది. పొట్టలో దేవింది. ఎంత బిగబట్టినా లాభం లేకపోయింది. అతను కూడా చేట మీదే గుద్ది బయటికి వచ్చాడు.

గజలక్ష్మమ్మ గెలిచింది. శార్దూలరావు బావమరిది గుహలో దాక్కున్నాడు. ఉలవలు అక్కడే దొరికాయి కాబట్టి మళ్ళీ గుగ్గిళ్ళు ఉడికాయి. గంట కొడితే మాత్రం ఎవరూ ముట్టలేదు. దాన్ని దింపేసి, “రండి, తిందురుగాని,” అని నోటితో పిలిస్తే వచ్చారు.

ఆ సాయంత్రం జంబులింగం కొత్త అధ్యక్షురాలి ముందు తలవంచుకుని నిలబడ్డాడు. ఉద్యోగం ఊడినట్టేనని అతనికి తెలుసు.

“నీకేం పని వచ్చు?” అంది గజలక్ష్మమ్మ, ఇన్నాళ్ళూ శార్దూలరావు కూర్చున్న కుర్చీలో కూర్చుంటూ.

చెప్పుకోవడానికి అతను నోరు తెరిచాడు. ఈలోగా కుర్చీ కిర్రుమంది. ఆ చప్పుడుకి అతని తోక తనంతట తనే ఊగడం మొదలుపెట్టింది. పట్టుకుని ఆపబోయాడు, ఆగలేదు.

గజలక్ష్మమ్మ ఆ తోకని చూసింది. ఎందుకో ఆవిడకి హాయిగా అనిపించింది.

“అది వస్తే చాల్లే,” అని అతన్నే కార్యదర్శిగా ఉంచింది.

నీతి: పాలకుణ్ణి దించాలంటే ప్రజలకి కడుపు మండితే చాలదు, కడుపు తిప్పాలి.